ఆయిల్ సర్వీస్ రిమైండర్ మీరే రీసెట్ చేసుకోవడం ఎలా: బీఎండబ్ల్యూ, బెంజ్, ఆడి

ఆయిల్ మార్పించారు, ఫిల్టర్ వేయించారు, బిల్లు కట్టి కారు ఇంటికి తెచ్చుకున్నారు. మర్నాడు స్టార్ట్ చేయగానే మీటర్‌లో మళ్ళీ అదే సర్వీస్ గుర్తు, గడువు దాటి ఎన్ని కిలోమీటర్లు అయిందో మైనస్‌లో చూపిస్తూ. వారంటీ అయిపోయాక షోరూమ్ వదిలేసి బయటి గ్యారేజీలో పని చేయించుకునేవాళ్ళకు ఇది మామూలే. మెకానిక్ పని బాగానే చేసి ఉంటాడు, రీసెట్ ఒక్కటి మర్చిపోయి ఉంటాడు, లేదా ఆ కారుకు పనికొచ్చే స్కానర్ అతని దగ్గర ఉండదు. దానికోసం మళ్ళీ మన చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి గ్యారేజీ దాకా వెళ్ళక్కర్లేదు. చాలా జర్మన్ సెడాన్లలో ఆ పని మీ సీట్లో కూర్చుని, ఏ పరికరమూ లేకుండా, రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది.

ఇక్కడ మూడు కార్ల గురించి రాస్తున్నాను. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో ఎఫ్30, అంటే మన దగ్గర 2012 నుంచి 2019 దాకా అమ్మినది. బెంజ్ సి క్లాస్‌లో డబ్ల్యూ205 అనే తరం. తర్వాత ఆడి ఏ4. బీఎండబ్ల్యూ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆ మీటర్ బటన్‌తోనే జనం ఎక్కువ తికమక పడతారు. పైగా అది మన ఊరి కారే అనుకోవచ్చు. జీఎస్టీ రోడ్డులో సింగపెరుమాళ్ కోయిల్ దాటాక వచ్చే మహీంద్రా వరల్డ్ సిటీలో 2007 నుంచి బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ నడుస్తోంది, మన రోడ్ల మీద తిరిగే 3 సిరీస్ కార్లు చాలామటుకు అక్కడ బిగించినవే.

బటన్ నొక్కే ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోండి. మీరు ఆయిల్ మార్చారో లేదో కారుకు తెలీదు. తిరిగిన కిలోమీటర్లు, గడిచిన రోజులు, తాగిన ఇంధనం, ఇలాంటివాటితో ఒక లెక్క కడుతుంది, ఆ లెక్క ముగిసే సమయానికి మిమ్మల్ని పిలుస్తుంది. రీసెట్ చేస్తే ఆ లెక్క మొదటికి వస్తుంది, అంతే. క్యాలెండర్‌లో కాగితం చింపినంత మాత్రాన కరెంటు బిల్లు కట్టినట్టు కాదు కదా. కాబట్టి "ఇంకో రెండు వేల కిలోమీటర్లు లాగిద్దాం, ఆ గుర్తు కనబడకుండా చేస్తే చాలు" అనుకుని చేసేవాళ్ళు ఇక్కడితో ఆగిపోండి. రీసెట్ చేశాక అసలు గడువు ఎప్పుడో మీకూ గుర్తుండదు, కారుకూ గుర్తుండదు, ఆ నల్లటి ఆయిల్‌తోనే ఇంకో ఏడాది తిరుగుతారు.

ఇంకో హెచ్చరిక, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎర్ర రంగులో నూనె డబ్బా బొమ్మ, దాని మూతి నుంచి ఒక చుక్క కారుతున్నట్టు కనబడితే అది సర్వీస్ రిమైండర్ కాదు. అది ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పే లైట్. దాన్ని ఏ బటన్‌తోనూ రీసెట్ చేయలేరు, చేయకూడదు కూడా. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి, టో బండి పిలిపించుకోండి. "ఇంకా నాలుగు కిలోమీటర్లే కదా, మెల్లగా వెళ్ళిపోదాం" అంటే ఆ నాలుగు కిలోమీటర్లలోనే ఇంజిన్ పట్టేయొచ్చు. పసుపు రంగులో అదే బొమ్మ వస్తే సాధారణంగా ఆయిల్ మట్టం తగ్గిందని, అది కొంచెం నయం, కానీ దానికి కావలసింది ఆయిల్, రీసెట్ కాదు.

బీఎండబ్ల్యూ 3 సిరీస్ (ఎఫ్30)

ముందు కారును చదునైన చోట పెట్టుకోండి. రీసెట్‌కు చదును అక్కర్లేదు, కానీ చివర్లో ఆయిల్ మట్టం చూస్తాం, అప్పుడు కావాలి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ర్యాంప్ పక్కన వాలుగా ఉండే స్లాట్ మీదైతే బయటికి తెచ్చుకోవడం మంచిది. తలుపులన్నీ వేయండి. ఏసీ, పాటలు, హెడ్‌లైట్లు ఆపేయండి. మన ఎండలకు ఏసీ లేకుండా మూడు నిమిషాలు కూర్చోవడం కష్టమే, కానీ ఇంజిన్ ఆగి ఉండగా ఏసీ ఫ్యాన్ తిరుగుతుంటే బ్యాటరీ దిగుతుంది, ముసలి బ్యాటరీ అయితే మధ్యలో ఇంకేదో హెచ్చరిక వచ్చి మీ పని చెడుతుంది.

తేదీ చూసుకోండి. డాష్‌బోర్డు మధ్యలో ఉండే ఐడ్రైవ్ స్క్రీన్‌లో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా అని. ఇది చాలామంది పట్టించుకోరు. కొత్త గడువును కారు ఈ తేదీ నుంచే లెక్కపెడుతుంది. ఆ మధ్య బ్యాటరీ తీసి పెట్టి ఉంటే గడియారం ఎక్కడో పాత తేదీలో ఆగిపోయి ఉంటుంది, అలాంటప్పుడు రీసెట్ కాదు, లేదా అయినా పిచ్చి తేదీలు చూపిస్తుంది.

ఇక అసలు పని.

1. బ్రేక్ మీద కాలు పెట్టకుండా స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కండి. మీటర్‌లో లైట్లన్నీ వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ కాకూడదు. అలవాటుగా కాలు బ్రేక్ మీదికి పోతుంది, రెండు కాళ్ళూ వెనక్కి లాక్కుని కూర్చోండి.

2. మీటర్ కింద, ఎడమ వైపు, చిన్న నల్ల బటన్ ఒకటి ఉంటుంది. ట్రిప్ మీటర్‌ను సున్నా చేసేది. స్టీరింగ్ చాటున ఉంటుంది కాబట్టి చెయ్యి స్టీరింగ్ లోపల్నుంచి పోనివ్వాలి. చూపుడు వేలి కొనతో నొక్కి పట్టుకోండి, సుమారు పది సెకన్లు. ముందు ట్రిప్ మీటర్ సున్నా అవుతుంది. ఇక్కడే చాలామంది అయిపోయిందనుకుని వేలు తీసేస్తారు. తీయకండి. అలాగే పట్టుకుంటే కాసేపటికి మీటర్‌లో సర్వీస్ గుర్తుతో ఒక జాబితాలో మొదటి అంశం కనబడుతుంది. అప్పుడు వదలండి.

3. ఇప్పుడు అదే బటన్‌ను చిన్నగా, టక్ మని ఒక్కసారి నొక్కి వదిలితే తర్వాతి అంశానికి వెళ్తుంది. ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, ముందు బ్రేక్ ప్యాడ్లు, వెనక బ్రేక్ ప్యాడ్లు, మొత్తం కారు తనిఖీ, ఇలా మీ ఇంజిన్‌ను బట్టి వరుస మారుతుంది. ఆయిల్ డబ్బా బొమ్మ, ఇంజిన్ ఆయిల్ అనే మాట వచ్చేదాకా వెళ్ళండి. దాటిపోతే కంగారేం లేదు, నొక్కుకుంటూ పోతే చుట్టు తిరిగి మళ్ళీ వస్తుంది.

4. ఇంజిన్ ఆయిల్ దగ్గర ఆగి బటన్‌ను నొక్కి పట్టుకోండి, రీసెట్ చేయాలా అని అడిగేదాకా. అడగగానే వదలండి. వెంటనే మళ్ళీ నొక్కి పట్టుకోండి, ఇది మీ ఒప్పుకోలు. రీసెట్ జరుగుతున్నట్టు చూపిస్తుంది, తర్వాత కొత్త కిలోమీటర్లు, కొత్త నెల, సంవత్సరం కనబడతాయి. మధ్యలో ఆలస్యం చేస్తే స్క్రీన్ తనంతట తానే మామూలుకు వచ్చేస్తుంది, అప్పుడు రెండో అంకె నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

5. స్టార్ట్ బటన్‌తో ఇగ్నిషన్ ఆపేసి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆన్ చేయండి. ఐడ్రైవ్‌లో వెహికల్ ఇన్ఫో, అందులో వెహికల్ స్టేటస్, అందులో సర్వీస్ రిక్వయిర్డ్‌కు వెళ్ళి చూస్తే ఇంజిన్ ఆయిల్ ఆకుపచ్చగా ఉండాలి. దగ్గరపడినవి పసుపు, దాటిపోయినవి ఎరుపు. మిగతావి ఎలా ఉన్నాయో కూడా ఇక్కడే తెలుస్తుంది, చేతిలో ఫోన్ ఉంది కదా, ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

ఆయిల్ ఒక్కదాన్నే రీసెట్ చేయాలి, ఇది గట్టిగా చెప్తున్నాను. కొన్ని గ్యారేజీల్లో కుర్రాళ్ళు వచ్చిన అంశమల్లా వరసగా నొక్కేస్తారు, మీటర్ మొత్తం పచ్చగా కనబడితే కస్టమర్ సంతోషిస్తాడని. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చకుండా దాన్ని రీసెట్ చేస్తే ఇంకో రెండేళ్ళు కారు దాని ఊసే ఎత్తదు. బీఎండబ్ల్యూ లెక్కలో బ్రేక్ ఫ్లూయిడ్ కొత్త కారుకు మూడేళ్ళకు, ఆ తర్వాత ప్రతి రెండేళ్ళకు మార్చాలి, కారు తిరిగినా తిరక్కపోయినా. ఆ ఫ్లూయిడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, తేమ చేరితే తక్కువ వేడికే మరుగుతుంది, ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు పెడల్ మెత్తబడిపోతుంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో తేమ గురించి వేరే చెప్పాలా. తిరుమల కొండ దిగే అలవాటు ఉన్నవాళ్ళు ఈ ఒక్క అంశాన్ని ఊరికే నొక్కేయనివ్వకండి. గ్యారేజీలో కారు ఇచ్చేటప్పుడే "అన్నా, ఆయిల్ మాత్రమే రీసెట్ చెయ్యి, మిగతావి ముట్టుకోకు" అని చెప్పేయండి, ఏమీ అనుకోరు.

బ్రేక్ ప్యాడ్ల సంగతి వేరు. ముందు ఒకటి, వెనక ఒకటి చొప్పున ప్యాడ్లలో సెన్సర్ వైరు ఉంటుంది, ప్యాడ్ అరిగిపోతే ఆ వైరు కూడా తెగి మీటర్‌లో చెప్తుంది. తెగిన సెన్సర్ మార్చకుండా ప్యాడ్లు మాత్రమే కొత్తవి వేస్తే ఎంత నొక్కినా రీసెట్ కాదు. అలాంటప్పుడు తప్పు బటన్‌ది కాదు, ఆ చిన్న వైరుది.

రీసెట్ కాకపోతే ఏం చూడాలి

తేదీ గురించి చెప్పాను, ముందు అదే చూడండి. తర్వాత బ్యాటరీ. వారం రోజులు కారు తీయకుండా పెట్టి, నేరుగా వచ్చి ఇది చేయబోతే కొన్నిసార్లు వినదు, అరగంట నడిపి వచ్చి చేయండి. కొన్ని బీఎండబ్ల్యూల్లో, ఈ మధ్యే రీసెట్ అయిన అంశాన్ని మళ్ళీ వెంటనే చేయనివ్వదు, అంటే మీ మెకానిక్ అప్పటికే చేసేశాడని అర్థం, మీకు కనబడుతున్న హెచ్చరిక వేరే అంశానిది అయి ఉండొచ్చు. తొందరలో మనం చదివేది సర్వీస్ అన్న మాట ఒక్కటే, పక్కన ఉన్న బొమ్మ ఏమిటో చూడం.

జాబితాలో ఇంజిన్ ఆయిల్ కనబడుతుంది కానీ ఎన్నిసార్లు చేసినా రీసెట్ కావట్లేదంటే, స్కానర్ ఉన్న గ్యారేజీకి వెళ్ళాల్సిందే. ఇంట్లోనే చేసుకోవాలనుకుంటే స్కానర్ తగిలించే ఓబీడీ పోర్టుకు పెట్టి ఫోన్‌తో నడిపే అడాప్టర్లు దొరుకుతాయి, బీఎండబ్ల్యూకు కార్లీ లాంటి యాప్‌లు ఉన్నాయి. మరీ చవక అడాప్టర్ కొంటే సగం మాటలు మధ్యలోనే తెగిపోతాయి, యాప్ వాళ్ళు తమకు ఏది పనికొస్తుందని చెప్తారో అదే కొనండి. పెట్టారు కదా అని ఆ యాప్‌లో కనబడిన ప్రతి మీటా నొక్కకండి.

డిప్‌స్టిక్ సంగతి. చాలా బీఎండబ్ల్యూల్లో బానెట్ తెరిస్తే ఆయిల్ చూసే కడ్డీ అసలు ఉండదు, సెన్సర్‌తోనే చూడాలి. ఆయిల్ మార్చాక రీసెట్ చేశారు కదా, అక్కడితో ఆపకండి. ఒక పది పదిహేను నిమిషాలు నడిపి ఇంజిన్ వేడెక్కాక, చదునైన చోట ఆపి, ఇంజిన్ నడుస్తూ ఉండగా, వెహికల్ స్టేటస్‌లో ఇంజిన్ ఆయిల్ లెవెల్‌కు వెళ్ళి కొలవమనండి. సుమారు ఒక నిమిషం పడుతుంది, అంతసేపూ యాక్సిలరేటర్ తొక్కకండి. మట్టం కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యలో కనబడితే సరే. గరిష్ఠం దాటి ఉంటే అదేం మంచి కాదు, ఎక్కువ పోసిన ఆయిల్ నురగ కడుతుంది, సీళ్ళ మీద ఒత్తిడి పెరుగుతుంది. గ్యారేజీలో డబ్బా మొత్తం కుమ్మరించేశారంటే తీయించాల్సిందే.

బెంజ్ సి క్లాస్ (డబ్ల్యూ205)

బెంజ్ వాళ్ళు దీన్ని దాచిపెట్టారు. మామూలు మెనూల్లో ఎంత వెతికినా దొరకదు, వర్క్‌షాప్ మెనూ అని ఒకటుంది, అందులోకి వెళ్ళాలి. బానెట్, తలుపులు మూసి, బ్రేక్ తొక్కకుండా స్టార్ట్ బటన్ రెండుసార్లు నొక్కితే ఇగ్నిషన్ ఆన్ అవుతుంది. తాళం తిప్పే కారైతే రెండో స్థానానికి తిప్పండి. స్టీరింగ్ మీద ఎడమ వైపు బాణాలతో ట్రిప్ మెనూలోకి వెళ్ళి, మొత్తం తిరిగిన కిలోమీటర్లు కనబడే పేజీలో ఆగండి. ఆ పేజీలో ఉంటేనే తర్వాతిది పనిచేస్తుంది.

ఇప్పుడు కుడి వైపున ఫోన్ ఎత్తే బటన్‌ను నొక్కి పట్టుకుని, ఒక సెకనులోపే ఎడమ వైపున ఓకే బటన్ కూడా నొక్కి, రెండూ కలిపి అయిదు సెకన్ల దాకా అలాగే పట్టుకోండి. రెండు బొటనవేళ్ళతో చేస్తే తేలిక. మొదటిసారి రాకపోతే వేళ్ళ వరుస తప్పి ఉంటుంది, ముందు ఫోన్ బటన్, తర్వాతే ఓకే. వర్క్‌షాప్ మెనూ తెరుచుకున్నాక వరుసగా కారు వివరాలు, రోలర్ టెస్ట్, బ్రేక్ ప్యాడ్ మార్పు, అసిస్ట్ ప్లస్ అని కనబడతాయి. మీకు కావలసింది అసిస్ట్ ప్లస్ ఒక్కటే.

మధ్యలో ఉన్న రెండింటి జోలికి వెళ్ళకండి. రోలర్ టెస్ట్ అనేది కారును యంత్రం మీద పెట్టి చక్రాలు తిప్పి చూసేటప్పటిది, అది పెడితే కారు జారిపోకుండా కాపాడే ఈఎస్‌పీ ఆగిపోతుంది. బ్రేక్ ప్యాడ్ మార్పు అనేది వెనక ప్యాడ్లు ఊడదీయడానికి ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్‌ను వదులు చేసేది. ఇంటి ముందు వాలులో కూర్చుని దాన్ని నొక్కి "ఇదేంటి ఇలా శబ్దం వచ్చింది" అనుకోవద్దు.

అసిస్ట్ ప్లస్‌లో ఫుల్ సర్వీస్ ఎంచుకుంటే, ఏ రకం ఆయిల్ పోశారో అడుగుతుంది. 229.5, 229.51 ఇలాంటి అంకెలు కనబడతాయి. ఇవి బెంజ్ వాళ్ళు ఆయిల్‌కు పెట్టుకున్న ప్రమాణాలు. మీ ఆయిల్ డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఎంబీ అని రాసి పక్కన ఈ అంకె ఉంటుంది, అదే ఎంచుకోండి. గ్యారేజీలో పోయించుకున్నవాళ్ళు ఆ డబ్బా ఫోటో అక్కడే తీసుకుంటే ఇప్పుడు పనికొస్తుంది. ఓకే కొట్టి ఖాయం చేస్తే సర్వీస్ పూర్తయినట్టు చూపిస్తుంది. ఫుల్ సర్వీస్ కాకుండా విడివిడి పనులు ఎంచుకునే వీలు కూడా అందులోనే ఉంది, కేవలం ఆయిల్, ఫిల్టర్ మార్చుంటే అక్కడ అదొక్కటే ఎంచుకోవడం నిజాయతీ అయిన పద్ధతి. బెంజ్‌లో సర్వీస్ ఏ, సర్వీస్ బి అని మారి మారి వస్తాయి. బి వంతు వచ్చినప్పుడు ఆయిల్ మాత్రమే మార్చి ఫుల్ సర్వీస్ అని నొక్కేస్తే, చేయని పనులు కూడా చేసినట్టు లెక్కలోకి పోతాయి.

ఆడి ఏ4

ఇది అన్నిటికంటే సులువు, రెండు మాటల్లో అయిపోతుంది. ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్. 2008 నుంచి 2016 దాకా వచ్చిన బి8 కారులో ఎంఎంఐ, అంటే ఆడి స్క్రీన్ మెనూ, దాని దగ్గర కార్ బటన్ నొక్కి, కార్ సిస్టమ్స్, అందులో సర్వీస్ అండ్ చెక్స్, అందులో సర్వీస్ ఇంటర్వల్స్. అక్కడ ఆయిల్ మార్పు గడువును రీసెట్ చేసే వీలుంటుంది, గుండ్రటి నాబ్ నొక్కి ఒప్పుకోండి. తర్వాతి బి9లో మెనూలో వెహికల్ దగ్గర నుంచి ఇదే దారి, పేర్లు కాస్త అటూ ఇటూ.

ఒక చిక్కు ఉంది. ఆడిలో ఆయిల్ మార్పు వేరు, ఇన్‌స్పెక్షన్ వేరు. ఎంఎంఐలో మీరు రీసెట్ చేయగలిగేది ఆయిల్ మార్పును మాత్రమే. ఇన్‌స్పెక్షన్ గడువు ఇంకా కనబడుతూ ఉంటే దానికి వీసీడీఎస్, ఓబీడీ ఎలెవెన్ లాంటి స్కానర్ కావాలి. ఆయిల్ రీసెట్ చేసినా గుర్తు పోలేదని మెకానిక్‌తో గొడవ పెట్టుకునే ముందు ఏ గడువు దాటిందో చదవండి.

ఏ ఆయిల్ పోశారన్నది

రిమైండర్ లెక్క సరైన ఆయిల్ పోశారన్న నమ్మకం మీద ఆధారపడి ఉంటుంది. 5డబ్ల్యూ-30 అని డబ్బా మీద ఉంటే సరిపోదు, అది చిక్కదనం మాత్రమే. బీఎండబ్ల్యూ డీజిల్‌లో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటే లాంగ్‌లైఫ్-04 లాంటి ప్రమాణం, బెంజ్‌కు పైన చెప్పిన ఎంబీ అంకె, ఆడికి వీడబ్ల్యూ 504 00 లేదా 507 00. మీ కారు పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయాలి. డీపీఎఫ్ ఉన్న డీజిల్‌లో తప్పు ఆయిల్ పోస్తే అందులోంచి వచ్చే బూడిద ఆ ఫిల్టర్‌లో పేరుకుంటుంది, మసిలాగా కాల్చినా పోదు, ఆ తర్వాత ఖర్చు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

జీపీ రోడ్డులో విడిభాగాల షాపుల వరుసలో ఆయిల్ కొనుక్కుని గ్యారేజీకి ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందులో తప్పేం లేదు, కాస్త డబ్బు మిగులుతుంది. కానీ సీలు చూసుకోండి, మూత కింద రింగు తెగి ఉందేమో చూడండి, బిల్లు తీసుకోండి. ఖాళీ డబ్బా కూడా చూపించమనండి, వీలైతే మూత తెరిచేటప్పుడు పక్కనే నిలబడండి. బీఎండబ్ల్యూకు వాడే ఫిల్టర్‌తో పాటు కొత్త రబ్బరు రింగు, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వస్తాయి, అవి పారేసి పాతవే పెట్టేస్తుంటారు. ఆ వాషర్ వెల ఏమీ ఉండదు, కానీ బేస్‌మెంట్‌లో మీ స్లాట్ కింద నల్లటి మరక పడితే కారణం చాలాసార్లు అదే.

రిమైండర్ రాకముందే మార్చాల్సిన రోజులు

కారు లెక్కలో లోపం ఏమీ లేదు, కానీ ఆ లెక్కకు పూర్తిగా కనబడనివి మన ఊళ్ళో కొన్ని ఉన్నాయి. వారానికోసారి రెడ్ హిల్స్ మీదుగా నెల్లూరు వెళ్ళొచ్చే కారుకు, రోజూ మధ్య కైలాష్ నుంచి షోళింగనల్లూరు దాకా పాకే కారుకు కిలోమీటర్లు ఒకటే అయినా ఇంజిన్ నడిచిన గంటలు ఒకటి కావు. హైవే మీద ఒక గంటలో వచ్చే కిలోమీటర్లకు ఓఎంఆర్‌లో మూడు గంటలు పట్టొచ్చు, ఆ మూడు గంటలూ ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, ఏసీ నడుస్తూనే ఉంటుంది, ఆయిల్ వేడెక్కుతూనే ఉంటుంది. సిటీలోనే తిరిగే టర్బో కారుకు మీటర్ చెప్పే దూరం దాకా ఆగకుండా ముందే మార్పించుకోవడం నా పద్ధతి. నేనైతే కిలోమీటర్లు ఎంత తక్కువున్నా ఏడాది దాటనివ్వను. ముందే మార్పిస్తే రీసెట్ కూడా ముందే చేయండి, లేకపోతే కారు పాత లెక్కనే పట్టుకుని ఉంటుంది.

రెండోది నీళ్ళు. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను, ఈ రెండూ చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. వాన హెచ్చరిక వస్తే చాలు, వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు వరసగా పెట్టేసే ఊరు మనది. మీ కారు నీళ్ళలో నిలబడి ఉంటే, రిమైండర్ ఇంకా ఎనిమిది వేల కిలోమీటర్లు ఉందని చూపించినా నమ్మకండి. నీళ్ళు కలిసిన ఆయిల్ తెల్లగా, పాలు పోసిన కాఫీ రంగులోకి మారుతుంది, ఆయిల్ పోసే మూత తీసి దాని అడుగున చూస్తే ఆ జిగురు కనబడొచ్చు. కనబడకపోయినా నీళ్ళు లోపలికి వెళ్ళలేదని ఖాయం కాదు. ఆ కారును స్టార్ట్ చేయకుండా లాగించి తీసుకెళ్ళాలి, ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ అన్నీ చూశాకే స్టార్ట్ చేయాలి. రీసెట్ ఆ తర్వాత.

వాడేసిన ఆయిల్ గురించి ఒక్క మాట, ఇంట్లోనే మార్చుకునేవాళ్ళకు. వానకాలవలో పోయకండి, అది పోయి చేరేది కూవంలోనో అడయారులోనో. ఖాళీ డబ్బాలోనే పట్టి గ్యారేజీకి ఇచ్చేస్తే, పాత ఆయిల్ కొనే లైసెన్సు ఉన్నవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు.

వారంటీలో ఉన్న కారు, సెకండ్ హ్యాండ్ కారు

వారంటీ లేదా కంపెనీ సర్వీస్ ప్యాకేజీ ఇంకా ఉంటే, ఇదంతా చదివి తెలుసుకోండి కానీ బటన్ మీరు నొక్కకండి, వాళ్ళతోనే చేయించండి. కారులో రీసెట్ చేసినంత మాత్రాన కంపెనీ రికార్డులో సర్వీస్ జరిగినట్టు ఎక్కదు. బీఎండబ్ల్యూలో షోరూమ్ వాళ్ళు మీ తాళం తీసుకుని మెషీన్‌లో పెట్టి చదువుతారు, సర్వీస్ లెక్కలు అందులో ఉంటాయి. మీరు రీసెట్ చేశారు, వాళ్ళ దగ్గర బిల్లు లేదు అంటే, రేపు ఇంజిన్ గురించి ఏదైనా క్లెయిమ్ వచ్చినప్పుడు అనవసరమైన ప్రశ్నలు మీ మీదికే వస్తాయి.

బయట చేయించుకునేవాళ్ళు రీసెట్ చేసిన రోజే మూడు ఫోటోలు తీసి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. కిలోమీటర్లు కనబడే మీటర్, ఆయిల్ డబ్బా వెనక వైపు, బిల్లు. కారు అమ్మే రోజున ఇవి పనికొచ్చినంతగా మీటర్‌లో పచ్చ గుర్తు పనికిరాదు.

అదే సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ కొనబోతున్నారనుకోండి, సర్వీస్ జాబితా తెరిచి ఒక్కో అంశం పక్కన తేదీ చూడండి. ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, కారు తనిఖీ, అన్నీ మొన్ననే మొదలైనట్టు నిండుగా కనబడుతుంటే, అన్ని పనులూ నిజంగా చేయించి ఉండాలి, లేదా అమ్మే ముందు ఎవరో కూర్చుని వరసగా నొక్కేసి ఉండాలి. "బ్రేక్ ఫ్లూయిడ్ ఎక్కడ మార్పించారు సార్, బిల్లు ఉందా" అని అడిగితే ఏది నిజమో తేలిపోతుంది. బిల్లు ఉంటే సరే. లేకపోతే బేరంలో ఆయిల్, ఫిల్టర్, బ్రేక్ ఫ్లూయిడ్ ఖర్చు తగ్గించుకుని, కారు చేతికొచ్చిన వారంలోనే మూడూ మార్పించి, పైన చెప్పినట్టు ఒక్కో అంశాన్నీ మీరే రీసెట్ చేయండి.